ఆమె ఏ ఊరికి లోకల్?



సూరత్ స్టేషన్లో దిగి పట్టాలకు తూర్పు వైపు వెళ్తే లింబాయత్ వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే గోడాదరా, డిండోలి. గల్లీల్లో దుకాణాల బోర్డులు గుజరాతీలో ఉంటాయి, గుమ్మాల్లో వినిపించే మాటలు మాత్రం నల్లగొండవి, వరంగల్‌వి, సిరిసిల్లవి. ఊళ్లో చేతిమగ్గం కూడు పెట్టలేని కాలంలో బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడ సాంచాల మీద తరాలు గడిపాయి. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అనే అంటారు. బతుకమ్మ పండుగ వస్తే ఇక్కడా వీధి వీధినా ఆడతారు.

ఇరవై ఏళ్లుగా నేను ఈ గల్లీల్లోనే ఉంటున్నాను. దరఖాస్తు నింపాలన్నా, సర్కారు కాగితం చదివి చెప్పాలన్నా సాయంత్రం పూట నా దగ్గరికి వస్తుంటారు. ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది ఆ కాగితాల్లో నేను చూసిన సంగతే.

మా పక్కింట్లో ఒక ఆమె ఉంది. నాకు చెల్లె వరస, నన్ను అన్నా అని పిలుస్తుంది. పేరు చెప్పడం బాగుండదు. మధ్యాహ్నం వంట ముగించుకుని గుమ్మంలో చీరల మూట విప్పుకుని కూర్చుంటుంది. చీరను తిరగేసి ఒళ్లో పరుచుకుంటుంది. ముందువైపు పువ్వులు విడివిడిగా కనిపిస్తాయి కానీ, వెనకవైపు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారాలు వేలాడుతూ ఉంటాయి. వాటిని చిన్న కత్తెరతో, బట్టకు గాటు పడకుండా, ఒక్కొక్కటే కత్తిరించాలి. దీన్ని ఇక్కడ ధాగా కటింగ్ అంటారు. చీరకింత అని కూలి. గాటు పడితే ఆ చీర కూలి పోవడమే కాదు, నష్టం కూడా కట్టుకోవాలి. సాయంత్రానికి ఆమె వేలి మీద కత్తెర ఒరుసుకున్న చోట ఎర్రగా కందిపోయి ఉంటుంది.

ఆమె చదువు డిగ్రీ, బీఎడ్. టెట్ కూడా పాసయింది. ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో, దేవుడి పటం వెనక ఉంటాయి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, మీసేవలో తీసిన కుల ధ్రువీకరణ పత్రం, ఒకటి నుంచి ఏడు దాకా బోనఫైడ్లు. పెళ్లయి భర్తతో సూరత్ వచ్చాక వాటిని బయటికి తీసిన సందర్భాలు తక్కువ.

ఆమె చెల్లెలి కథ వేరు. ఆమెను సైన్యంలో నాయక్‌గా ఉన్న అబ్బాయికి ఇచ్చారు. ఆయనకు పీస్ స్టేషన్ వచ్చినప్పుడు క్వార్టర్ దొరికితే వెంట వెళ్తుంది, ఫీల్డ్ పోస్టింగు పడితే అత్తగారింటికి తిరిగొస్తుంది. ఆమె కూడా బీఎడ్ చేసింది. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక ప్రైవేటు బడిలో చేరుతుంది. పాఠాలు గాడిలో పడి, పిల్లల పేర్లు నోటికి వచ్చేసరికి బదిలీ వస్తుంది. కొత్త ఊళ్లో మళ్లీ మొదటి నెల జీతం దగ్గర మొదలు. ఏడేళ్ల అనుభవం ఉన్నా ఏ బడి లెక్కలోనూ రెండేళ్లు దాటలేదు.

ఒకరి భర్త సాంచా దగ్గర, ఒకరి భర్త సరిహద్దు దగ్గర. అక్కాచెల్లెళ్లిద్దరూ భర్త పని వెంట నడిచినవాళ్లే. ఇద్దరి చదువూ ఆ నడకలోనే వెనకబడింది. ఎవరికి ఉద్యోగంలో ప్రాధాన్యం ఇవ్వాలి అని రాసుకున్న నిబంధనల్లో ఈ ఇద్దరికీ చోటు ఎక్కడుంది? చాలా రోజులుగా నన్ను కదిలిస్తున్న ప్రశ్న ఇది.

మన తెలుగు నేల మీద ఉద్యోగ ప్రాధాన్యం అంటే ముందు గుర్తొచ్చేది లోకల్, నాన్ లోకల్. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. నిజాం కాలంలో, 1919 నుంచి, ముల్కీ నిబంధనలు ఉండేవి. హైదరాబాదు సంస్థానంలో కొలువులు ముల్కీలకే, అంటే ఆ దేశం వాళ్లకే. పుట్టుకతో ముల్కీ కావచ్చు, పదిహేనేళ్లు నివాసం ఉండి కావచ్చు. నిబంధనలు అంతటితో ఆగలేదు. ముల్కీ అయినవాడి భార్య కూడా ముల్కీయే అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఎక్కడో పుట్టి పెళ్లి చేసుకుని వచ్చిన ఆడపిల్లకు కూడా ఆ నిబంధనలో తలుపు తెరిచి ఉంచారు. నూరేళ్ల కిందటి రాచరికపు కాగితంలో ఈ మాట చూసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. ఆమెకు సొంత హోదా ఇవ్వలేదు, భర్తను బట్టే ఇచ్చారు, నిజమే. అయినా ఇల్లు మారిన ఆడమనిషి ఉంటుందన్న సంగతైనా వాళ్ల లెక్కలో ఉంది.

తర్వాతి కథ మీకు తెలుసు. ముల్కీ నిబంధనలు అమలు కావడం లేదని 1969లో తెలంగాణ భగ్గుమంది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయని చెప్పగానే ఇటు ఆంధ్రలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. రాజ్యాంగానికి 32వ సవరణ చేసి 371-డి అధికరణం చేర్చారు. దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక వాటి స్థానంలో 2018 ఉత్తర్వులు వచ్చాయి. వాటి ప్రకారం ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఉన్న ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్.

ఈ నిబంధన మీద నాకు కోపం లేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని ఒక తరం గొంతెత్తి అడిగింది ఇందుకే. మారుమూల జిల్లాలో చదివిన బిడ్డ హైదరాబాదు కోచింగ్ సెంటర్ల బిడ్డతో పోటీ పడలేక వెనక్కి పోకుండా ఇది కాపాడుతుంది. నేను అడిగేది దాన్ని తీసెయ్యమని కాదు.

దీనివల్ల మా పక్కింటి చెల్లె పరిస్థితి ఏమైందో చూడండి. ఆమె చదివింది నల్లగొండ జిల్లాలో కాబట్టి ఆమె నల్లగొండకు లోకల్. కానీ ఉండేది సూరత్‌లో. 2024లో తెలంగాణ డీఎస్సీ ప్రకటన వచ్చింది. 11,062 టీచర్ పోస్టులు. కవర్ దుమ్ము దులిపి బయటికి తీసింది. పరీక్ష రాయాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగి, అక్కడి నుంచి ఊరికి పోవాలి. రాసి నెగ్గితే మాత్రం? భర్త ఇక్కడ సాంచా దగ్గర, ఆమె అక్కడ బడిలో. పిల్లలు ఎవరి దగ్గర? ఈ లెక్క ఎటూ తేలక ఆమె ఫీజు కట్టే ఆఖరు రోజు దాటనిచ్చింది. ఆ రాత్రి ఆమె మళ్లీ కవర్‌ను పటం వెనక పెడుతుంటే నేను వాళ్ల గుమ్మంలోనే ఉన్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు.

మరి సూరత్‌లోనే పంతులమ్మ కావచ్చు కదా అని మీరు అడగవచ్చు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక బడులు నడుపుతుంది. అది ఈ నగరం పెద్దమనసు, ఒప్పుకోవాలి. కానీ అవి కొద్ది, పోస్టులు ఇంకా కొద్ది. గుజరాత్ టెట్ మళ్లీ రాయాలి. ఊళ్లో ఆమెకు బీసీ-బి రిజర్వేషన్ ఉంది. ఆ పత్రం పట్టుకుని గుజరాత్ సర్కారు ఉద్యోగంలో రిజర్వేషన్ అడిగే వీలు లేదు. వలస వచ్చినవాళ్ల కుల హోదా పుట్టిన రాష్ట్రానిదే తప్ప చేరిన రాష్ట్రానిది కాదు.

ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు గట్టిగా స్థిరపరచింది కూడా మన తెలుగు కుర్రవాడి కేసులోనే. తెనాలిలో పుట్టాడు. ఆంధ్రలో వాళ్లది షెడ్యూల్డు తెగ. తండ్రి ఉద్యోగం కోసం బొంబాయి పోతే తొమ్మిదేళ్ల వయసులో వెంట వెళ్లాడు. పెద్దయ్యాక అక్కడి వైద్య కళాశాలలో తెగల కోటాలో సీటు అడిగితే కుదరదన్నారు. 1990లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా అదే చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా న్యాయవాదులందరికీ అది తెలుసు. పెళ్లితో రాష్ట్రం మారిన ఆడవాళ్లకైనా మినహాయింపు ఉంటుందేమో అనుకుంటే, అదీ లేదు. పంజాబ్‌లో వాల్మీకి కులంలో పుట్టి, పెళ్లయి ఉత్తరాఖండ్ వెళ్లిన ఒక మహిళ కేసులో 2018లో సుప్రీంకోర్టు, మెట్టిన రాష్ట్రంలో ఆ ప్రయోజనం అడగలేరని తేల్చింది.

పోనీ కంపెనీల్లో? పరిశ్రమల్లో 85 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని గుజరాత్ ప్రభుత్వం 1995లో ఒక తీర్మానం చేసింది. స్థానికులంటే కనీసం పదిహేనేళ్లు ఆ రాష్ట్రంలో స్థిరపడినవాళ్లు. సాంచా కార్ఖానాలో రాత్రి పాళీకి మనిషి కావాల్సి వచ్చినప్పుడు సేటు ఈ లెక్క అడగడు. నెల జీతం, పీఎఫ్ ఉన్న కుర్చీ దగ్గరికి వచ్చేసరికే ఈ లెక్కలన్నీ గుర్తొస్తాయి.

పుట్టిన చోట ఆమె లోకల్, కానీ అక్కడ ఉండదు. ఉండేచోట ఆమె లోకల్ కాదు. ఇదీ ఆమె పరిస్థితి.

ఇక ఆమె చెల్లెలు, సైనికుడి భార్య. దేశం సైనికుణ్ని గౌరవిస్తుంది, అందులో అనుమానం లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఆయన పిల్లలకు ముందు వరస. ఆయన రిటైరయ్యాక కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం. ఆయన విధి నిర్వహణలో కన్నుమూస్తే భార్యకు కారుణ్య నియామకం అడిగే హక్కు, అదీ గ్రూప్-సి ప్రత్యక్ష నియామకాల్లో 5 శాతం ఖాళీల లోపలే. ఈ వరస ఒకసారి మెల్లగా చూడండి. పిల్లలకుంది, ఆయనకుంది, ఆయన పోయాక ఆమెకుంది. ఆయన బతికుండి ఊరూరా తిరుగుతూ, ఆయన వెంట ఆమె తిరుగుతున్న కాలంలో కొత్తగా కొలువులో చేరడానికి ఆమెకు దొరికే ప్రాధాన్యం దాదాపు శూన్యం. ఈ మాట చెప్పడానికి నాకే బాధగా ఉంది.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల సంగతి కొంత నయం. భార్యాభర్తలిద్దరూ కేంద్ర ఉద్యోగులైతే వీలైనంత వరకు ఒకేచోట వెయ్యాలని 2009లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల బదిలీల్లో సైనికుల జీవిత భాగస్వాములకు ప్రాధాన్యం ఉంది. మన టీచర్ల నోట స్పౌజ్ కేసు అనే మాట ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. తెలంగాణలో 2021 డిసెంబరులో ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచే 317 జీవో వచ్చినప్పుడు భార్య ఒక జిల్లాకు, భర్త ఒక జిల్లాకు పోయి, పసిపిల్లలను ఎత్తుకుని రోడ్డెక్కిన దంపతులను టీవీల్లో చూశాం. ఒకే రాష్ట్రంలో రెండు జిల్లాల ఎడబాటుకే అంత అల్లాడిపోయారు. ఆ బాధ నిజం. దానికి జనం గొంతు కలిపారు. ఉద్యోగమే లేని మనిషికి బదిలీ కూడా ఉండదు, ఆమెది స్పౌజ్ కేసు కూడా కాదు.

మిలిటరీ మాధవరం పేరు మీరు వినే ఉంటారు, తాడేపల్లిగూడెం దగ్గర. ఇంటికొకరు సైన్యానికి పోయిన ఊరు అని మనం గర్వంగా చెప్పుకుంటాం. సైన్యానికి ఒకరు పోతే ఇంట్లో ఇంకొకరు ఏం వదులుకున్నారో ఆ గర్వంలో చెప్పుకోం.

ఇతర దేశాలు ఏం చేశాయని వెతికితే అమెరికా ఒక దారి చూపించింది. వాళ్ల సైనిక స్థావరాలు జర్మనీలో, జపాన్‌లో, ఇటలీలో ఉన్నాయి. సైనికుడి వెంట పరాయి దేశం వెళ్లిన భార్యకు, సైనికురాలైతే ఆమె భర్తకు, అక్కడ బయట ఉద్యోగం అంటే భాష, అనుమతులు, పన్నులు, అన్నీ అడ్డమే. అందుకని 1985లో చేసిన చట్టంతో రక్షణ శాఖ పౌర ఉద్యోగాల్లో జీవిత భాగస్వామికి ప్రాధాన్యం పెట్టారు. దానికి హద్దులున్నాయి. బదిలీకి ముందే పెళ్లయి ఉండాలి. ఉద్యోగానికి కావలసిన అర్హత ఉండాల్సిందే. మాజీ సైనికుల ప్రాధాన్యాన్ని ఇది దాటిపోదు. నాకు ఇంకా నచ్చింది 1990లో అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు. విదేశీ స్థావరంలో 52 వారాలు పని చేసి వచ్చిన కుటుంబ సభ్యులు, స్వదేశానికి తిరిగొచ్చిన మూడేళ్లలోపు, ఆ అనుభవం చూపి ఫెడరల్ కొలువుకు అర్హత పొందవచ్చు. ఆమె పరాయి దేశంలో చేసిన పని గాలికి పోలేదు. ఆమెతో పాటు ఓడెక్కి తిరిగొచ్చింది. మా చెల్లె చెల్లెలు ఊరూరా చెప్పిన పాఠాలకు అలాంటి లెక్క ఒకటి మన దగ్గర ఎందుకు ఉండకూడదు?

మనకు రాసే తెలివి లేక కాదు. జమ్మూ కశ్మీర్‌లో 2021లో, స్థానిక నివాసి జీవిత భాగస్వామికి కూడా నివాస ధ్రువపత్రం ఇవ్వాలని ఒక నిబంధన చేర్చారు. అక్కడ ఉద్యోగాలకు ఆ పత్రమే తాళంచెవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1979లో వచ్చిన కాలేజీ ప్రవేశాల నిబంధన చూడండి. స్థానికులకు కేటాయించని 15 శాతం సీట్లకు, రాష్ట్రంలో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగుల జీవిత భాగస్వాములు కూడా అర్హులే. చదువుకు ఆ తలుపు తెరిచారు. మొన్న 2025లో తెలంగాణ వైద్య సీట్ల కేసులో, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు రాష్ట్రంలో చదవాలన్న నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పుడు రాష్ట్రం, తెలంగాణకు చెందిన సైనికుల పిల్లలు బయట చదివినా మినహాయిస్తామని కోర్టుకు చెప్పింది. మంచి పని. తండ్రి సరిహద్దులో ఉంటే బిడ్డ బయట చదవక ఏం చేస్తాడు?

అదే న్యాయం తల్లికి వర్తించాలి. ఇంకో అడుగు వేసి, సాంచా కోసం వలస వచ్చిన ఇంటికీ వర్తించాలి. సైనికుణ్ని పంపింది దేశం. నేతగాణ్ని ఎవరూ పంపలేదు, నిజమే. కానీ ఊళ్లో మగ్గం తిండి పెట్టి ఉంటే ఆయన తొలి రైలు ఎక్కేవాడే కాదు.

నేను కోరేవి కొన్నే. సూరత్, భివండి, షోలాపూర్ లాంటి చోట్ల మనవాళ్లు వేలల్లో ఉన్నారు. కంప్యూటర్ మీద రాసే పరీక్షలకు అక్కడ ఒక కేంద్రం పెట్టడం పెద్ద పని కాదు. సైనికుల భార్యలు రాష్ట్రం బయట గుర్తింపు ఉన్న బడుల్లో చెప్పిన పాఠాలను అనుభవం కింద లెక్కించాలి. బతుకుదెరువుకు పోయిన కుటుంబాల పిల్లలు బయటి రాష్ట్రంలో తెలుగు మాధ్యమంలో చదివి ఉంటే, తల్లిదండ్రుల సొంత జిల్లాను వాళ్ల జిల్లాగా చూడాలి. ఈ చివరిది అన్నిటికంటే ముందు కావాలి. ఎందుకో చెబుతాను.

పోయిన వారం చెల్లె వాళ్లింట్లో ఉన్నప్పుడు వాళ్ల పెద్దమ్మాయి నా దగ్గరికి వచ్చింది. డిగ్రీ చివరి ఏడాది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు బడిలోనే ఏడో తరగతి దాకా చదివింది. గుణింతం, వేమన శతకం, అన్నీ ఇక్కడే నేర్చింది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో ఓటీఆర్ చేసుకోవాలి, చూడండి మామా అని ఫోన్ ఇచ్చింది. ఓటీఆర్ అంటే ఒకసారి చేసుకుంటే ప్రతి పరీక్షకూ పనికొచ్చే నమోదు. అందులో ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఏ జిల్లాలో చదివారో, తరగతికొక గడి.

మొదటి గడి నొక్కితే జిల్లాల పేర్లన్నీ కిందికి జారాయి. ఆదిలాబాద్ నుంచి యాదాద్రి దాకా ముప్పై మూడు. మూల నుంచి కత్తెర పక్కన పెట్టి వాళ్లమ్మ లేచి వచ్చింది. ఒళ్లో ఉన్న చీర జారి కింద పడింది. ఫోన్లోకి తొంగి చూసి, "నల్లగొండ అని పెట్టరాదె?" అంది.

"పెడితే అబద్ధమైతది కదమ్మా. బోనఫైడ్ మీద సూరత్ ముద్ర ఉంది."

"మనది నల్లగొండే కదనే."

అమ్మాయి నా వైపు చూసింది. ఏడు గడుల్లోనూ ఇతర రాష్ట్రం అని ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయింది. చివరి గడి అయ్యాక ఫోన్ తల్లి చేతికి ఇచ్చి, ఫొటో సరిగ్గా వచ్చిందేమో చూడమంది.